తల లోపలి పోటు

మెదడుకు రక్షణగా ఉన్న ఎముక గోడే ఒక్కోసారి దాని ప్రాణం తీస్తుంది. కారణాలు తెలుసు, చికిత్సలో చాలాభాగం చవకే. మన దగ్గర కరువైంది సమయం, ఆ సమయాన్ని కాపాడే ఏర్పాటు.

1998 ఫిబ్రవరి 20. ఢాకాలోని బంగబంధు స్టేడియంలో క్లబ్ క్రికెట్ మ్యాచ్ జరుగుతోంది. ఓవర్‌లో మిగిలింది మూడు బంతులే కదా అని భారత మాజీ ఓపెనర్ రమణ్ లాంబా హెల్మెట్ పెట్టుకోకుండానే బ్యాట్స్‌మన్‌కు అతి దగ్గరగా ఫార్వర్డ్ షార్ట్ లెగ్‌లో నిలబడ్డారు. బ్యాట్స్‌మన్ బలంగా కొట్టిన బంతి ఆయన తలకు తగిలి, అంతే వేగంతో వికెట్‌కీపర్ చేతుల్లో పడింది. అంత దెబ్బ తగిలినా లాంబా లేచారు, మాట్లాడారు, నడుచుకుంటూ డ్రెస్సింగ్ రూమ్‌కు వెళ్లారు. కాసేపటికే పరిస్థితి విషమించింది. స్పృహ తప్పింది. మెదడు దగ్గర చేరిన రక్తాన్ని తీయడానికి ఆపరేషన్ చేసినా ఫలితం లేకపోయింది. ఫిబ్రవరి 23న, 38 ఏళ్ల వయసులో ఆయన మరణించారు.

దానికి 36 ఏళ్ల ముందు, 1962 మార్చిలో, బార్బడోస్‌లో దాదాపు అలాంటి సంఘటనే జరిగింది. చార్లీ గ్రిఫిత్ వేసిన బంతి భారత కెప్టెన్ నారీ కాంట్రాక్టర్ తలకు తగిలి పుర్రె చిట్లింది. గంటల్లోనే ఆయన పరిస్థితి దిగజారింది. స్పెషలిస్టు ట్రినిడాడ్ నుంచి రావాలి. అప్పటిదాకా ఆగితే మనిషి దక్కడని అక్కడున్న జనరల్ సర్జనే తల తెరిచి లోపలి ఒత్తిడి తగ్గించారు. వెస్టిండీస్ కెప్టెన్ ఫ్రాంక్ వొరెల్‌తో సహా పలువురు రక్తమిచ్చారు. కాంట్రాక్టర్ మళ్లీ టెస్టు ఆడలేదు కానీ బతికారు. తర్వాత తలలో అమర్చిన లోహపు పలకను 2022లో, ఆయన 88వ ఏట, ముంబైలో తొలగించారు.

ఇద్దరి దెబ్బలూ ఒకటి కావు. ఒకరు బతకడానికి, మరొకరు పోవడానికి ఒకే కారణం చూపడం న్యాయం కాదు. కానీ ఇద్దరినీ చావు అంచుకు నెట్టింది బంతి ఒక్కటే కాదు. బంతి తగిలిన తర్వాత, బయటికి కనిపించకుండా, పుర్రె లోపల నిమిషనిమిషానికీ పెరిగిన ఒత్తిడి. వైద్యులు దాన్ని ఇంట్రాక్రేనియల్ ప్రెజర్ అనీ, పొట్టిగా ఐసీపీ అనీ అంటారు. రోడ్డు ప్రమాదం, పక్షవాతం, క్షయ, కణితి, పసిబిడ్డ తలలో నీరు, చివరికి బాలింత మెదడులోని సిరలో గడ్డకట్టిన రక్తం. జబ్బు ఏదైనా మెదడును చంపే దారి తరచూ ఇదే.

మూడు వాటాల పెట్టె

వయోజనుల పుర్రెలో పట్టేది సుమారు 1,400 నుంచి 1,500 మిల్లీలీటర్లు. అందులో 80 శాతం మెదడు, పది శాతం రక్తం, మిగిలిన పది శాతం మెదడు చుట్టూ, లోపలి గదుల్లోనూ ఉండే నీరులాంటి ద్రవం. ఈ ద్రవం ఏ క్షణంలో చూసినా 150 మిల్లీలీటర్లకు మించదు. కానీ రోజుకు దాదాపు అర లీటరు కొత్తది ఊరుతుంది, అంతే పాతది రక్తంలోకి ఇంకిపోతుంది.

పుర్రె సాగదు కాబట్టి ఈ మూడింటిలో ఒకటి పెరిగితే మిగతా రెండూ చోటివ్వాల్సిందే. 1783లో స్కాట్లాండ్ శరీర నిర్మాణ శాస్త్రవేత్త అలెగ్జాండర్ మన్రో, 1824లో జార్జ్ కెల్లీ చెప్పిన ఈ చిన్న లెక్కే నేటికీ న్యూరోసర్జరీకి పునాది. చోటివ్వడం అంటే ముందుగా ద్రవం కొంత వెన్నులోకి జారుకుంటుంది. సిరల్లోని రక్తం కొంత ఖాళీ అవుతుంది. అందుకే మొదట్లో ఏ తేడా తెలియదు. తెల్లవారుజామున తలనొప్పి, ఒకటి రెండు వాంతులు, కాస్త మగతతో సరిపెట్టుకుంటుంది.

అసలు ప్రమాదం ఆ తర్వాత మొదలవుతుంది. కిక్కిరిసిన బస్సులో సర్దుకుని సర్దుకుని ఇక కాలు కదపలేని స్థితి వచ్చాక, ఇంకొక్కరు ఎక్కితే తొక్కిసలాటే. పుర్రెలోనూ అంతే. సర్దుబాటు అయిపోయాక ఒక్క చెంచాడు రక్తం ఎక్కువైనా ఒత్తిడి ఒక్కసారిగా ఎగబాకుతుంది. రెండు గంటలపాటు బాగానే ఉన్న మనిషి పది నిమిషాల్లో పడిపోవడానికి కారణమిదే.

పడుకుని ఉన్న వయోజనుల్లో ఈ ఒత్తిడి మామూలుగా 7 నుంచి 15 మిల్లీమీటర్ల పాదరసం. తలకు తీవ్రంగా దెబ్బ తగిలినవారిలో 22 దాటితే చికిత్స చేయాలని 2016 నాటి అంతర్జాతీయ మార్గదర్శకాలు చెబుతాయి. ఎందుకంటే గుండె తోసే రక్తం ఈ ఒత్తిడిని దాటుకునే మెదడులోకి వెళ్లాలి. సగటు రక్తపోటు 90, లోపలి ఒత్తిడి 10 ఉంటే మెదడుకు దక్కేది 80. ఒత్తిడి 40కి చేరితే దక్కేది 50. శరీర బరువులో రెండు శాతమే ఉన్నా ఆక్సిజన్‌లో అయిదో వంతు వాడుకునే అవయవానికి అది పస్తే. లోపలి ఒత్తిడి రక్తపోటుతో సమానమైతే ప్రవాహమే ఆగిపోతుంది. బ్రెయిన్ డెడ్ అని మనం వినే స్థితికి తరచూ దారితీసేది ఇదే.

అబద్ధమాడే నాడి

ప్రెషర్ కుక్కర్‌కు విజిల్ ఉంటుంది, అది పనిచేయకపోతే సేఫ్టీ వాల్వ్ ఉంటుంది. పుర్రెకు రెండూ లేవు. ఉన్న పెద్ద దారి ఒక్కటే, అడుగున వెన్నుపాము దిగే రంధ్రం. ఒత్తిడి మితిమీరితే మెదడు ఆ రంధ్రం వైపు కిందికి జారుతుంది. ఊపిరిని, గుండెను నడిపించే కేంద్రాలు సరిగ్గా అక్కడే ఉన్నాయి. అవి నలిగితే ఇక చేయగలిగింది ఉండదు.

జారడం మొదలైనప్పుడు కనిపించే గుర్తుల్లో ఒకటి కంటిపాప. ఒకవైపు పాప పెద్దదై, టార్చి వెలుగు వేసినా ముడుచుకోదు. రెండోది మరీ మోసపూరితమైనది. మెదడుకు రక్తం అందడం లేదని గ్రహించిన శరీరం రక్తపోటును పెంచుతుంది. దాంతో నాడి నెమ్మదిస్తుంది. ఊపిరి లయ తప్పుతుంది. అమెరికా సర్జన్ హార్వీ కుషింగ్ 1901 ప్రాంతంలో వర్ణించిన ఈ మూడు లక్షణాలకు ఆయన పేరే ఉంది. బీపీ బాగానే ఉంది, నాడి నింపాదిగా కొట్టుకుంటోంది, గురక పెట్టి నిద్రపోతున్నాడు అని బంధువులు ఊపిరి పీల్చుకునే ఘడియే నిజానికి ఆఖరి హెచ్చరిక కావచ్చు.

కణత దగ్గర ఎముక పలచన. దాని వెనకే ఒక ధమని పోతుంది. అక్కడ దెబ్బ తగిలి ధమని చిట్లితే ఎముకకూ మెదడు పొరకూ మధ్య రక్తం చేరుతుంది. కాసేపు స్పృహ తప్పి మళ్లీ తేరుకుని మామూలుగా మాట్లాడటం, గంటల తర్వాత హఠాత్తుగా కుప్పకూలడం దీని ప్రత్యేకత. 2009లో కెనడాలో స్కీయింగ్ చేస్తూ పడిపోయిన బ్రిటిష్ నటి నటాషా రిచర్డ్‌సన్ మొదట తనకేమీ కాలేదనే అనుకున్నారు. రెండు రోజుల్లో మరణించారు. సకాలంలో రక్తం తీసేస్తే చాలామంది పూర్తిగా కోలుకునే గాయం కూడా ఇదే.

వృద్ధుల్లో కథ వేరుగా నడుస్తుంది. బాత్‌రూమ్‌లో కాలు జారి తలకు చిన్న దెబ్బ తగులుతుంది. అందరూ మరిచిపోతారు. వయసుతో మెదడు కుంచించుకుపోవడం వల్ల లోపల ఖాళీ ఎక్కువ. రక్తం వారాల తరబడి మెల్లగా చేరుతుంది. నెల తర్వాత మాట తడబడుతుంది, అడుగు తూలుతుంది, మతిమరుపు పెరుగుతుంది. ఇంట్లోవాళ్లు చాదస్తం అనుకుంటారు, లేదా పక్షవాతమని నాటుమందుకు తీసుకెళ్తారు. రక్తం పలచబడే మందులు వాడేవారికి ఈ ముప్పు మరింత ఎక్కువ. చాలామందికి పుర్రెకు రెండు రంధ్రాలు చేసి ఆ పాత రక్తాన్ని కడిగేస్తే మనిషి మళ్లీ మనిషవుతాడు.

బిడ్డ మాడు, తల్లి పథ్యం

పసిబిడ్డకు ఒక వెసులుబాటు ఉంది. పుర్రె ఎముకలు ఇంకా అతుక్కోవు, నడినెత్తిన మాడు మెత్తగా ఉంటుంది. మన ఇళ్లలో స్నానానికి ముందు పెద్దవాళ్లు ఆముదం అద్దే చోటే అది. లోపల ద్రవం దారి మూసుకుపోతే ఒత్తిడికి మాడు ఉబ్బుతుంది, తల పెద్దదవుతుంది, కళ్లు కిందికి వాలి నల్లగుడ్డు పైన తెల్లభాగం కనిపిస్తుంది. దీన్నే జనం తలలో నీరు అంటారు. అదృష్టజాతకుడిది పెద్ద తల అని సరిపెట్టుకునే ఇళ్లూ ఉన్నాయి. టీకాలకు వెళ్లినప్పుడల్లా టేపుతో తల చుట్టుకొలత కొలిచి రాసుకుంటే చాలు, జబ్బు ముందే బయటపడుతుంది.

ఈ జబ్బు కొత్తదేమీ కాదు. రాజస్థాన్‌లోని కాలీబంగన్‌లో దొరికిన హరప్పా కాలపు పిల్లవాడి పుర్రెకు ఆరు రంధ్రాలున్నాయి. తలలో నీరు చేరిన బిడ్డకు చేసిన చికిత్స అదేనని పురావస్తు నిపుణులు భావించారు. నేడు తలలో నీటికి కొన్ని కారణాలను పుట్టకముందే అడ్డుకోవచ్చు. వెన్ను సరిగా మూసుకోకుండా పుట్టిన బిడ్డల్లో చాలామందికి తలలో నీరూ చేరుతుంది. గర్భానికి ముందు నుంచే ఫోలిక్ యాసిడ్ తీసుకుంటే అలాంటి లోపాలు 72 శాతం తగ్గాయని 1991లోనే బ్రిటన్ మెడికల్ రీసెర్చ్ కౌన్సిల్ అధ్యయనం చూపింది. చిక్కేమిటంటే గర్భం దాల్చిన నాలుగు వారాల్లోనే వెన్ను మూసుకుంటుంది. నెల తప్పిందని తెలిసి, పేరు నమోదు చేయించుకుని, మాత్రలు అందుకునేసరికి ఆ గడువు దాటిపోతుంది.

తల్లికీ ముప్పుంది. కాన్పు తర్వాత రక్తం గడ్డకట్టే గుణం సహజంగానే పెరుగుతుంది. దానికి తోడు మన పల్లెల్లో బాలింతకు నీళ్లు ఎక్కువ ఇవ్వకూడదనే పథ్యం ఉండేది, చాలాచోట్ల ఇంకా ఉంది. ఒంట్లో నీరు తగ్గితే రక్తం చిక్కబడుతుంది. మెదడు నుంచి రక్తాన్ని మోసుకెళ్లే సిరలో గడ్డ అడ్డుపడితే వెళ్లే దారి మూసుకుని లోపల ఒత్తిడి పెరుగుతుంది. బాలింతకు ఆగని తలనొప్పి, చూపు మసక, ఫిట్స్ వస్తే అది గాలి సోకడమో దయ్యమో కాదు, ఆసుపత్రి కేసు.

అంటువ్యాధుల వాటా మన దేశంలో చిన్నది కాదు. క్షయ క్రిములు మెదడు పొరలకు చేరితే ద్రవం ఇంకే దారులు పూడుకుపోతాయి. వారాల తరబడి సన్నని జ్వరం, తలనొప్పి, చిరాకుతో మొదలై స్పృహ తప్పేదాకా పోతుంది. పిల్లలకు పుట్టగానే వేసే బీసీజీ టీకా ప్రధానంగా ఇలాంటి తీవ్రమైన క్షయ నుంచే కాపాడుతుంది. బద్దెపురుగు గుడ్లు పచ్చి కూరల ద్వారానో మురికి నీటి ద్వారానో కడుపులోకి చేరితే వాటి పిల్లలు మెదడులో తిత్తులు కడతాయి. ఏళ్ల తరబడి చీము కారే చెవిని పట్టించుకోకపోతే ఆ చీము ఎముకను తొలిచి మెదడులో గడ్డ కావచ్చు. దోమ కాటుతో వచ్చే జపనీస్ ఎన్‌సెఫలైటిస్‌నైతే మనం పిలిచే పేరే మెదడువాపు.

సైన్యానికి ఈ ఒత్తిడి మరో రూపంలో పరిచయం. 1960ల్లో వేలాది జవాన్లను హఠాత్తుగా హిమాలయాల ఎత్తులకు తరలించాల్సి వచ్చింది. తలనొప్పి, వాంతులతో పడిపోయిన 1,925 మందిని పరిశీలించి ఇందర్ సింగ్ నాయకత్వంలోని భారత సైనిక వైద్యులు 1969లో ప్రచురించిన అధ్యయనం ప్రపంచ ప్రసిద్ధం. ఎత్తుకు ఒళ్లు అలవాటు పడకపోతే మెదడు ఉబ్బుతుంది. లేహ్‌కు విమానంలో దిగి మర్నాడే కనుమలు ఎక్కే పర్యాటకులకూ ఈ పాఠం వర్తిస్తుంది.

కన్ను చెప్పే కబురు

పుర్రె లోపలికి తొంగిచూడటానికి కోయనక్కర్లేని కిటికీ ఒకటుంది, కన్ను. కంటినరం మెదడు పొరలతోనే చుట్టుకుని ఉంటుంది కాబట్టి లోపల ఒత్తిడి పెరిగితే కంటి వెనక ఆ నరం మొన ఉబ్బుతుంది. 1851లో జర్మనీకి చెందిన హెల్మ్‌హోల్ట్జ్ కనిపెట్టిన ఆఫ్తాల్మోస్కోప్‌తో ఎవరైనా డాక్టర్ దాన్ని చూడవచ్చు. అద్దాల కోసం వెళ్లిన మనిషికి మెదడులో కణితి ఉందని కంటి డాక్టరే ముందుగా పసిగట్టిన ఉదంతాలు ఆ వృత్తిలో మామూలే.

ఈ కిటికీ ప్రత్యేకంగా కాపాడేది ఒక వర్గాన్ని. ఇరవై, ముప్ఫైల్లో ఉండి బరువు పెరిగిన స్త్రీలు. తలనొప్పి రోజూ ఉంటుంది. వంగినప్పుడు క్షణంపాటు చూపు పోయి వస్తుంది. చెవిలో నాడితో పాటు హోరు వినిపిస్తుంది. స్కాన్‌లో కణితి ఉండదు, నీరు చేరినట్టూ ఉండదు. సైనస్ అనీ, పార్శ్వనొప్పి అనీ, గ్యాస్ అనీ మాత్రలు మారుతుంటాయి. నిజానికి వెన్నులోంచి నీరు తీసి కొలిస్తే ఒత్తిడి ఎక్కువగా ఉంటుంది. ఒకప్పుడు దీనికి నిరపాయమైనది అనే అర్థంతో పేరు పెట్టారు. ప్రాణం తీయదు కానీ పట్టించుకోకపోతే చూపు తీస్తుందని తేలాక ఆ విశేషణాన్ని వదిలేశారు. బరువు తగ్గడం, అసిటాజోలమైడ్ మాత్రలు చాలామందికి పనిచేస్తాయి. మొటిమలకు వాడే కొన్ని మందులు, మోతాదు మించిన విటమిన్ ఎ కూడా దీనికి కారణం కావచ్చు.

వెన్నులోంచి నీరు తీయడానికీ ఒక షరతు ఉంది. లోపల పెద్ద గడ్డో కణితో ఉన్నప్పుడు కింది నుంచి ద్రవం లాగితే పైన ఉన్న మెదడు కిందికి జారవచ్చు. అలాంటి అనుమానం ఉంటే ముందు స్కాన్, తర్వాతే సూది. 1971లో బ్రిటన్‌లో తొలిసారి రోగికి సీటీ స్కాన్ తీసే వరకు ఈ నిర్ణయాలు చాలావరకు ఊహ మీదే నడిచాయి.

షాజహాన్‌పూర్ గొట్టం

ఈ కథలో బీద దేశాలు తల ఎత్తుకునే ఘట్టాలున్నాయి. తలలో చేరిన నీటిని చర్మం కింది నుంచి కడుపులోకి దించే సన్నని గొట్టాన్ని షంట్ అంటారు. 1950ల్లో అమెరికాలో జాన్ హోల్టర్ అనే టెక్నీషియన్ ఇదే జబ్బుతో పుట్టిన తన కొడుకు కోసం దానికి వాల్వ్ తయారుచేశాడు. తర్వాత దిగుమతి షంట్లు మన రోగులకు అందని ధరల్లో ఉండేవి. ఉత్తరప్రదేశ్‌లోని షాజహాన్‌పూర్‌లో, భారతీయ న్యూరోసర్జన్ ఛాబ్రా పేరిట, చవక షంట్ తయారైంది. ఉగాండాలో పనిచేసిన అమెరికన్ సర్జన్ బెంజమిన్ వార్ఫ్ 195 మంది పిల్లల్లో దాన్ని ఖరీదైన పాశ్చాత్య షంట్‌తో పోల్చి 2005లో ఫలితాలు ప్రచురించారు. ఒకటి 35 డాలర్లు, రెండోది 650. ఏడాది తర్వాత ఫలితాల్లో చెప్పుకోదగ్గ తేడా లేదు.

ఇంకో పాఠం దక్షిణ అమెరికా నుంచి వచ్చింది. పుర్రెకు రంధ్రం చేసి ఒత్తిడిని నిరంతరం కొలిచే పరికరం సంపన్న దేశాల ఐసీయూల్లో మామూలు. 2012లో బొలీవియా, ఈక్వడార్‌లలో 324 మంది తీవ్ర గాయపీడితులపై జరిగిన అధ్యయనంలో సగం మందికి ఆ పరికరం పెట్టారు. మిగతావారిని పదేపదే పరీక్షించి, స్కాన్లు తీసి, ఆ ఆనవాళ్లను బట్టే చికిత్స చేశారు. ఫలితం దాదాపు సమానం. పరికరం వృథా అని దీని అర్థం కాదు. పరికరం లేదు కాబట్టి చేయగలిగింది లేదు అనే సాకు చెల్లదని అర్థం.

మూడోది ఒక అలవాటును మార్చింది. మెదడు వాపు తగ్గుతుందని తలకు దెబ్బ తగిలినవారికి దశాబ్దాలపాటు స్టెరాయిడ్లు ఇచ్చేవారు. భారత్ సహా పలు దేశాల్లో పది వేల మందికి పైగా రోగులపై జరిగిన క్రాష్ అధ్యయనం 2004లో ఆ నమ్మకాన్ని తిరగేసింది. స్టెరాయిడ్లు ఇచ్చినవారిలో రెండు వారాల్లో 21.1 శాతం మంది చనిపోతే, ఇవ్వనివారిలో 17.9 శాతం. కణితి చుట్టూ వాపుకు, క్షయ మెనింజైటిస్‌కు ఆ మందు మేలు చేస్తుంది. తల గాయానికి మాత్రం చేటు.

మిగిలిన చికిత్సలో తొలి మెట్లు ఏ జిల్లా ఆసుపత్రికైనా అందేవే. తల వైపు మంచాన్ని 30 డిగ్రీలు ఎత్తడం, మెడ వంకరపోకుండా చూడటం, ఊపిరి దారి తెరిచి ఉంచి ఆక్సిజన్ ఇవ్వడం, బీపీ పడిపోకుండా, ఫిట్స్, జ్వరం రాకుండా కాపాడటం. నీటిని మెదడు నుంచి రక్తంలోకి లాగే మానిటాల్ లేదా గాఢమైన సెలైన్. గంట గంటకూ స్పృహ స్థాయిని 15 మార్కులకు అంచనా వేసి రాసుకోవడం. 1974లో గ్లాస్గోలో రూపొందిన ఈ కొలమానానికి కావలసిన పరికరాలు కాగితం, కలం, ఓపిక. ఇవన్నీ రోగిని స్కాన్ దాకా, సర్జన్ దాకా బతికించి చేర్చే మెట్లు.

బతికించాక?

అన్ని మందులూ విఫలమైతే పుర్రెలో పెద్ద ముక్క తీసి పక్కనపెడతారు. ఉబ్బిన మెదడుకు చోటు దొరుకుతుంది, కొన్ని నెలల తర్వాత ఎముకను తిరిగి అమరుస్తారు. 2016లో వెలువడిన రెస్క్యూ ఐసీపీ అధ్యయనం ప్రకారం ఈ ఆపరేషన్ వల్ల ఆరు నెలల్లో మరణాలు 48.9 శాతం నుంచి 26.9 శాతానికి తగ్గాయి. కానీ స్పృహ లేకుండా కళ్లు తెరుచుకుని మాత్రమే మిగిలినవారు 2.1 శాతం నుంచి 8.5 శాతానికి పెరిగారు. సంతకం పెట్టమని ఆపరేషన్ థియేటర్ బయట కాగితం చేతికిచ్చినప్పుడు కుటుంబం ముందున్న ప్రశ్న బతుకుతాడా అన్నది ఒక్కటే కాదు, ఎలా బతుకుతాడన్నది కూడా. ఆ మాట విడమరచి చెప్పే తీరిక మన ఆసుపత్రుల్లో తక్కువ.

బాగా కోలుకున్నట్టు కనిపించేవారిలోనూ గాయం మిగులుతుంది. జ్ఞాపకం జారుతుంది, కోపం ముక్కు మీదికొస్తుంది, లెక్కల్లో తడబాటు, ఫిట్స్ భయం. చేయి కాలు బాగానే ఉన్నాయి కాబట్టి ఇంట్లోవాళ్లు బద్ధకమనుకుంటారు. సంపాదించే మనిషి ఇలా అయితే ఇంటి ఆదాయంతో పాటు ఆయన్ని చూసుకోవాల్సిన భార్య కూలీ కూడా పోతుంది. ప్రమాద మృతుల లెక్క ఏటా వస్తుంది. ఈ సగం మనుషుల లెక్క ఎక్కడా రాదు.

గడియారం ఎవరి చేతిలో?

కేంద్ర రోడ్డు రవాణా శాఖ లెక్కల ప్రకారం 2022లో దేశంలో 1,68,491 మంది రోడ్డు ప్రమాదాల్లో చనిపోయారు. వారిలో ద్విచక్ర వాహనాలపై ఉన్నవారు 74,897. హెల్మెట్ లేకుండా చనిపోయినవారు 50,029, అందులో వెనక కూర్చున్నవారే 14 వేలకు పైగా. హెల్మెట్ చావు ముప్పును 42 శాతం, తల గాయం ముప్పును 69 శాతం తగ్గిస్తుందని అంతర్జాతీయ అధ్యయనాల సమీక్ష తేల్చింది. 1988 మోటారు వాహనాల చట్టంలోనే హెల్మెట్ నిబంధన ఉంది. 2019 సవరణ జరిమానాను వెయ్యి రూపాయలు చేసింది. అయినా మన ఊళ్లలో హెల్మెట్ ఇప్పటికీ తలకు కాక, పోలీసు కనిపించేదాకా పెట్రోలు ట్యాంకు మీదే ప్రయాణిస్తుంది.

వ్యవస్థ కదల్లేదని అనలేం. 2005 ఆగస్టులో హైదరాబాద్‌లో మొదలైన 108 అంబులెన్స్ దేశానికే నమూనా అయింది. 2007లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో వచ్చిన ఆరోగ్యశ్రీ, పేదవాడు మెదడు ఆపరేషన్ ఖర్చుకు పొలం అమ్ముకోనక్కర్లేని రోజు తెచ్చింది. క్షతగాత్రుణ్ని ఆసుపత్రికి చేర్చినవారిని కేసులతో వేధించకూడదన్న మార్గదర్శకాలకు 2016లో సుప్రీంకోర్టు చట్టబలం ఇచ్చింది. రోడ్డు ప్రమాద బాధితులకు ఏడు రోజుల వరకు, లక్షన్నర రూపాయల మేరకు నగదు రహిత చికిత్స పథకాన్ని కేంద్రం 2025 మేలో నోటిఫై చేసింది.

ఇవన్నీ డబ్బును, బండిని సమకూర్చాయి. సమకూర్చనిది మధ్యలో పోయే సమయాన్ని. తలకు దెబ్బ తగిలిన మనిషి ప్రయాణం మనకు తెలిసిందే. ముందు ఊళ్లో ఆర్ఎంపీ దగ్గర కట్టు, సెలైన్. అక్కణ్నుంచి మండల కేంద్రం, స్కాన్ లేదు. జిల్లా కేంద్రంలో స్కాన్ ఉంటుంది, రాత్రి తీసేవారు ఉండకపోవచ్చు. తీసినా చూసి తల తెరిచే సర్జన్ నగరంలో. ప్రతి మజిలీలోనూ రిఫర్ అనే ఒక్క మాట రాసి పంపుతారు. ఎన్ని గంటలకు ఎంత స్పృహలో ఉన్నాడు, పాపలు ఎలా ఉన్నాయి, మానిటాల్ ఇచ్చారా అన్నది చీటీ మీద ఉండదు. నోట్లోంచి మద్యం వాసన వస్తే మరీ అన్యాయం. తాగి పడున్నాడని ఒక మూలన పడుకోబెడతారు. తెల్లారేసరికి లేపడానికి మనిషి ఉండడు.

న్యూరోసర్జన్లను రాత్రికి రాత్రి ప్రతి జిల్లాకూ పుట్టించలేం. కానీ జిల్లా ఆసుపత్రి జనరల్ సర్జన్‌కు ప్రాణాపాయంలో రంధ్రం చేసి రక్తం తీయడం నేర్పవచ్చు. స్కాన్ చిత్రాన్ని నిమిషాల్లో నగరంలోని నిపుణుడి ఫోన్‌కు పంపవచ్చు. ఎవరిని ఎక్కడికి నేరుగా తీసుకెళ్లాలో 108 సిబ్బందికి ముందే నిర్ణయించి ఇవ్వవచ్చు. వీటిలో ఏదీ కొత్త ఆవిష్కరణ కోసం ఆగనక్కర్లేదు. 1962లో ఒక చిన్న దీవిలో, స్పెషలిస్టు విమానం దిగేదాకా ఆగకుండా చేతిలో ఉన్న పనిముట్లతో తల తెరిచిన జనరల్ సర్జన్ చేసిందీ ఇదే. ఆయన దగ్గర సీటీ స్కాన్ కూడా లేదు.

తాత్సారం తగదు

తలకు దెబ్బ తగిలాక ఒక్కసారైనా వాంతి, మగత, ఫిట్స్, మాట తడబాటు, చెవి లేదా ముక్కు నుంచి రక్తమో నీరో కారడం ఉంటే వెంటనే స్కాన్ ఉన్న ఆసుపత్రికి వెళ్లాలి.

దెబ్బ తగిలిన మనిషిని నిద్రపోనివ్వకూడదన్నది అపోహ. నిద్ర ప్రమాదం కాదు, లేపితే లేవకపోవడం ప్రమాదం. మొదటి 24 గంటలు పక్కన ఒకరు ఉండి మధ్యమధ్య లేపి పేరు, ఊరు అడగాలి.

స్పృహ లేనివారి నోట్లో నీళ్లు, సోడా పోయకూడదు. మెడ కదలకుండా పట్టుకుని, వాంతి ఊపిరితిత్తుల్లోకి పోకుండా ఒంటిని మొత్తంగా ఒక పక్కకు తిప్పాలి.

తెల్లవారుజామున లేపే తలనొప్పి, దగ్గినా వంగినా పెరిగే నొప్పి, వస్తువులు రెండుగా కనిపించడం, చూపు క్షణకాలం పోవడం ఉంటే కంటి వెనక నరాన్ని పరీక్షించమని డాక్టర్‌ను అడగాలి.

పసిబిడ్డ మాడు ఏడవకుండా ఉన్నప్పుడూ ఉబ్బి ఉంటే, తల వేగంగా పెరుగుతుంటే, కళ్లు కిందికి వాలిపోతుంటే మరుసటి టీకా తేదీ దాకా ఆగకూడదు.